ముగ్గురికీ ఒకే రంగు

ఆ హాల్లో కుర్చీలన్నిటినీ ఒకే ఇనుప కమ్మీకి బిగించారు. అందువల్ల ఆ చివరన అన్నయ్య కాలు ఊపినప్పుడల్లా ఈ చివరన నడిపిది కూడా ఊగుతోంది, బస్సులో కూర్చున్నట్టు. ఊపొద్దని చెప్పవచ్చు. చెబితే ఆపుతాడు, ఆపి, ఎందుకు ఆపాడో మరిచిపోయి మళ్ళీ మొదలుపెడతాడు. చిన్నప్పుడు భోజనాల బల్ల దగ్గరా ఇంతే, అమ్మ గరిటె కాడతో మోకాలి మీద ఒక్కటి వేసేది. ఆ గరిటె పట్టిన చెయ్యి ఎదురుగా ఉన్న గాజు తలుపుల వెనక, గొంతులో గొట్టం పీకేసుకుంటోందని నిన్న చూసినప్పటికి మంచం కమ్మీకి మెత్తటి గుడ్డతో కట్టేసి ఉంది. ఊపిరితిత్తులు పాడయ్యాయి, వయసు కూడా మీద పడింది, సిద్ధంగా ఉండండి, అన్నాడు డాక్టరు చేర్పించిన మర్నాడే. సిద్ధంగా అంటే ఏమిటని ఎవరూ అడగలేదు. ఎవరికి తోచిన అర్థం వాళ్ళు తీసుకుని ఇళ్ళకు పోయారు. ముగ్గురు పిల్లల్లో మధ్యది కావడంతో పుట్టినప్పటి నుంచీ నడిపిదే అయిన ఆమె మాత్రం ఏ అర్థమూ తీసుకోలేదని అనుకుంది. నలభై దాటాయి, కళ్ళద్దాల దుకాణంలో రోజంతా ఊళ్ళోవాళ్ళ ముక్కుల మీద అద్దాలు సరిచేస్తూ నిలబడుతుంది, జుట్టు ముందుభాగం తెల్లబడింది, ఆ పిలుపొక్కటే పెరగలేదు. డాక్టరు ఈ గంటలో ఎప్పుడైనా రావచ్చని నర్సు చెప్పింది. ఈ గంట గడవాలి. నేల కడిగిన మందు వాసన, దాని కింద కడిగినా పోని ఇంకో వాసన, చేతిలో మెషిన్ కాఫీ మీద ముడతలు పడుతున్న పొర, వెనక వరుసలో ఎవరో ముసలాయన గోళ్ళు కొరికి పక్కకి ఉమ్ముతున్న చప్పుడు. వాంతి అయితే బాగుండు. కానీ ఇది వచ్చి పోయే రకం కాదు, నాలుగు రోజులుగా నాలుక మొదట్లో అతుక్కుని కూర్చుంది.

"ఏం తోచి చావట్లేదు. ఏం కొన్నావో చూపించవే," అంది వదిన చిన్నదానితో. చిన్నది చెల్లెలు. రాత్రి ప్రయాణం చేసి వచ్చి, సరాసరి ఆస్పత్రికి కాకుండా మధ్యలో బజారుకి వెళ్ళి వచ్చింది, ఖాళీ చేతులతో ఎలా రానూ అన్నట్టు. ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు బ్యాగు ఒళ్ళోకి లాక్కుంది. ముందు ఆ బ్యాగునే చూపించింది, లోపల ఎన్ని అరలో, ఏ అరలో ఏం పెట్టుకోవచ్చో. తరవాత ఒక క్రీము, మూత తీసి వదిన ముంజేతికి రాసింది, వదిన ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. తరవాత కళ్ళకి పెట్టుకునే నల్లటి పెన్సిలు. "ఇది తడిసినా కరగదంట వదినా. ఎంత ఏడ్చినా చెక్కుచెదరదని షాపులో అమ్మాయి చెప్పింది," అంటూ చిన్నది తన మణికట్టు మీద ఒక గీత గీసి, ఉమ్మితో తడిపి, బొటనవేలితో రుద్ది చూపించింది. గీత కదల్లేదు. వదిన కూడా రుద్దింది. ఇద్దరూ కలిసి ఆ ఉమ్మి తడి చెయ్యిని ట్యూబులైటు వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు. నడిపిది కాఫీ గ్లాసు కుర్చీ కింద పెట్టేసింది. ఆ పెన్సిలు వెల ఎంతైనా ఉండనీ, దాన్ని ఎంచుకుంటున్నప్పుడు దీని కళ్ళ ముందు ఏ రోజు మెదిలిందో ఆ రోజు తనకీ కనిపించింది: ముందు గదిలో కుర్చీలన్నీ గోడ వారకి జరిపి ఉన్నాయి, వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చిన్నదాన్ని కావలించుకుంటున్నారు, దాని కళ్ళు పెద్దవిగా, నల్లగా, తడిగా, చెక్కుచెదరకుండా ఉన్నాయి.

కొన్నది చూపించడం ఈ ఇంట్లో అమ్మ పెట్టిన అలవాటే. అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి వచ్చే జీతం రోజున, బజారు నుంచి నేరుగా పడగ్గదిలోకి వెళ్ళి, సంచులన్నీ మంచం మీద బోర్లించేది. రండర్రా అనేది. సబ్బులు, దారపు ఉండలు, నాన్నకి బనియన్లు, అన్నయ్యకి లెక్కల పుస్తకం, ఎవరిదో ఒకరి చెప్పులు. కొని చూపించని వస్తువు కాజేసినదానితో సమానం అనేది. పిల్లలు ముగ్గురూ మంచం అంచున గడ్డాలు ఆనించి, ఒక్కొక్క వస్తువునీ పట్టుకుని, వాసన చూసి, పక్కవాళ్ళకి అందించాలి. కొత్త గుడ్డకి గంజి వాసన, కొత్త పుస్తకానికి జిగురు వాసన. ఒకసారి ఏదో ఇల్లు ఖాళీ చేసి సామానంతా అమ్మేస్తుంటే అమ్మ ఒక ఉన్ని కోటు తెచ్చుకుంది. చనిపోయినావిడదట. జేబులో చెయ్యి పెట్టిన నడిపిది చేతికి నలిగిన రుమాలు తగిలింది, ఇంకా మెత్తగా, ఎవరి ముక్కో తుడిచి గబుక్కున దోపుకున్నట్టు. ఆ రోజు అన్నం సహించలేదు. అమ్మ ఆ రుమాలుని రెండు వేళ్ళతో తీసి బయట పారేసి, కోటు వేడినీళ్ళలో నానేసి, "పోయినావిడకి చలి లేదు, మనకుంది," అంది. ఆ కోటు చాలా ఏళ్ళు తొడిగింది. మీద చెయ్యి వేసి పడుకోబెట్టేటప్పుడు కూడా దాన్ని విప్పేది కాదు ఒక్కొక్క రాత్రి, నడిపిది ఆ చేతి కింద ఊపిరి బిగపట్టి, వేరే ఎవరో జోకొడుతున్నారని అనుకుంటూ పడుకునేది. అసహ్యం తనకి అప్పుడే అబ్బిందేమో. మిగిలిన ఇద్దరికీ అబ్బలేదు. వాళ్ళు ఆ కోటు చేతుల్లోకి దూరి ఆడుకునేవాళ్ళు.

"మీ అన్నయ్య ఏం కొన్నాడో అడగండి," అంది వదిన, చిన్నదాని సరుకు అయిపోయాక. అన్నయ్య పక్క కుర్చీ మీద నాలుగు పుస్తకాలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి, మూడింటికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. నాలుగోదానిలో పసుపుపచ్చ పెన్నుతో గీతలు పెడుతున్నాడు. కంపెనీల్లో అమ్మకాల వాళ్ళకి శిక్షణ ఇస్తాడు అన్నయ్య, మాట్లాడటమే అతని ఉద్యోగం. తల ఎత్తి, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని, "పోగొట్టుకోవడం గురించి," అన్నాడు. "నాలుగూ దాని గురించే. ఒకడు బాగా రాశాడు. తల్లి అంటే మనం పుట్టకముందు నుంచీ మనకి తెలిసిన ఏకైక మనిషి అంటాడు. వినండి, ఇంకొకటి ఉంది." వినిపించాడు. బాగానే ఉంది. చదివేటప్పుడు ఎక్కడ ఆగాలో కూడా అప్పుడే కుదుర్చుకున్నాడు, ఆగిన చోట చిన్నది ముక్కు ఎగబీల్చింది, అది చూసి అతను పెన్నుతో అంచున చిన్న టిక్కు పెట్టాడు. నడిపిది ఆ టిక్కు వైపే చూసింది. అమ్మ గురించి చెప్పాలంటే పుస్తకం కొనాలా నీకు, అమ్మ గరిటె గురించి చెప్పు, ఎక్స్ఛేంజిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని పెట్టుకుని ఒక చెవి కాస్త అణిగిపోయింది, దాని గురించి చెప్పు, నీ మొదటి ఉద్యోగం పోతే ఆర్నెల్లు ఎవరికీ తెలియనివ్వకుండా నీ చొక్కాలు రోజూ ఇస్త్రీ చేసి పంపింది, అది చెప్పు. ఇదంతా మనసులోనే. పైకి, "కళ్ళద్దాలు నుదుటి మీద పెట్టుకోకు అన్నయ్యా, వాటి కాళ్ళు సాగిపోతాయి," అంది. అతను దించుకున్నాడు. అతని మీదా కోపం నిలవదు, అదే చిక్కు; కోపమైతే వచ్చి దిగిపోతుంది, ఇది దిగదు.

అప్పుడు వదిన తన కాళ్ళ దగ్గరున్న పెద్ద సంచీని కుర్చీ మీదకి ఎత్తింది. పొద్దుటినుంచీ దాన్ని కాళ్ళతో అదిమి పెట్టుకునే కూర్చుంది. ఒకసారి గాజు తలుపుల వైపు చూసి, గొంతు తగ్గించింది. "ఏమీ అనుకోకండి. ఎప్పటికైనా తప్పదు కదా, ఆ రోజు పరిగెత్తలేం." లోపల్నించి మడత పెట్టిన డ్రెస్సు తీసింది. లేత బూడిద రంగు, పొడుగు చేతులు, మెడ దగ్గర ఏ అలంకారమూ లేని సన్నటి పట్టీ. ఇంకొకటి తీసింది. అదే రంగు. ఇంకొకటి. "ముగ్గురికీ. వచ్చేవాళ్ళ ముందు ముగ్గురం మూడు రంగుల్లో కూర్చుంటే ఏం బాగుంటుంది. గుడ్డ నలగదంట, పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నా ఇలాగే ఉంటుంది." చిన్నది తన డ్రెస్సు తీసుకుని భుజాలకి ఆనించుకుంది. నడిపిదాని ఒళ్ళో కూడా ఒకటి పడింది. చల్లగా, జారుడుగా, మోకాళ్ళ మీద నుంచి జారిపోతుంటే అసంకల్పితంగా పట్టుకుంది.

"నా కొలతలు ఎవరిచ్చారు?"

"ఆది ఇచ్చాను," అంది వదిన. "అత్తయ్య బట్టలు తేవడానికి మీ ఇంటికి వచ్చానా, తీగ మీద నీ నీలం డ్రెస్సు ఉంది, అది పట్టుకెళ్ళా. ఇదిగో, భద్రంగా తెచ్చా. చంకల దగ్గర కొంచెం వదులు పెట్టమన్నాను, ఈ మధ్య ఒళ్ళు చేశావు కదా." సంచీ అడుగున నుంచి నీలం డ్రెస్సు వచ్చింది, గుండు సూది ఒకటి ఇంకా అంచున ఉంది. దానికోసం రెండు రోజులు వెతికింది నడిపిది. అది ఉతికి ఆరేసిన డ్రెస్సు కాదు, ఆస్పత్రి నుంచి వచ్చి విప్పి, చెమట వాసన పోవాలని తీగ మీద వేసిన డ్రెస్సు. అమ్మని అంబులెన్సులోకి ఎక్కిస్తున్నప్పటి చెమట. ఎవరో టైలరు దాన్ని బల్ల మీద పరిచి, చేత్తో సాపు చేసి, చంకల దగ్గర టేపు పెట్టి కొలిచాడు, చావు బట్టకి. ఒళ్ళంతా ఎవరో తడిమినట్టయింది. వదినని ఏదైనా అనాలి. అనడానికి నోరు తెరిస్తే వదిన ముందే మాట్లాడుతోంది, ఎవరి వైపూ చూడకుండా, ఒళ్ళోని గుడ్డ చేత్తో దువ్వుతూ. "మా అమ్మ పోయినప్పుడు నేను ఎలా ఉన్నదాన్ని అలా పరిగెత్తా. చిలకపచ్చ డ్రెస్సు, దాని మీద పువ్వులు. మార్చుకోవడానికి ఏమీ లేదు. రెండ్రోజులు అందులోనే ఉన్నా. ఒక్కళ్ళూ నా మొహం చూడలేదు, అందరూ ఆ పువ్వులే చూశారు. ఇప్పటికీ ఎవరన్నా ఆ మాట ఎత్తుతారు." అంతే చెప్పింది. ఆ తరవాత తిట్టడానికి నడిపిదానికి ఏమీ మిగల్లేదు. అసహ్యం మాత్రం ఎక్కడికీ పోలేదు, కాళ్ళ కింద పెంపుడు కుక్కలా చుట్టుకుని పడుకుంది. ఇంకా రోత ఏమిటంటే, తన చెయ్యి ఆ డ్రెస్సు పక్క కుట్టు వెంట పాకుతూ పోయింది. జేబు ఉంది. వేళ్ళు లోపలికి దూరి, లోతు చూసి, ఫోను పడుతుందని తేల్చుకుని బయటికి వచ్చాయి. ఎవరు చూడమన్నారు ఆ వేళ్ళని.

"నువ్వేం కొన్నావే?" అంది చిన్నది, తన డ్రెస్సు మడత పెడుతూ.

"నేనా. నేనేం కొనలేదు."

ఫోను అప్పుడే చేతిలో వణికింది. చూడకుండానే తెలుసు ఏమిటో. పొద్దున్న కూడా ఒకసారి వచ్చింది ఆ కబురు: మీరు ఆర్డరు చేసిన కర్టెన్లు ఈ రోజు మీ ఇంటికి చేరతాయి. బోర్లా తిప్పి తొడ కింద పెట్టుకుంది. అమ్మా తనూ ఉండే ఇంట్లో పడగ్గది ఒకటే. అది అమ్మది. తను హాల్లో సోఫా మీద పడుకుంటుంది, దుప్పటి పొద్దున్నే మడిచి సోఫా కింద తోసేస్తుంది, ఎవరైనా వస్తే ఇక్కడ ఒక మనిషి పడుకుంటుందని తెలియకుండా. అమ్మని చేర్పించిన మర్నాడు, ఆ డాక్టరు ఆ మాట అన్న రోజే, ఇంటికి వచ్చి అమ్మ గదిలోకి వెళ్ళింది, స్వెట్టరు తీసుకుందామని. కిటికీలోంచి సాయంత్రపు ఎండ మంచం మీదుగా గోడ దాకా పరుచుకుని ఉంది. అమ్మ కర్టెన్లు గోధుమరంగువి, నూనె వాసనవి, ఎప్పుడూ మూసే ఉండేవి, ఆ రోజు తనే తెరిచింది. ఈ గదికి ఇంత వెలుగు ఉందా అనుకుంది. పాపం అమ్మ అనుకుంది. ఆ రెండూ అనుకుంటూనే కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసి, కుర్చీ ఎక్కి, కిటికీ అడ్డం ఎంత, నిలువు ఎంత, చూసింది. మంచం ఆ గోడకి జరిపితే ఇక్కడ చిన్న బల్ల పడుతుంది, బల్ల మీద దీపం. ఫోనులో రంగులు చాలాసేపు ఎంచింది. తెలుపు మాసిపోతుంది, నీలం చలి చేస్తుంది, మామిడిచిగురు రంగు బాగుంది. స్వెట్టరు తీసుకోవడం మరిచిపోయి ఆస్పత్రికి వచ్చింది. మళ్ళీ అంత దూరం ఎవరు వెళ్తారని వదినే బజారులో కొత్తది కొని తెచ్చింది. అందరి కొనుగోళ్ళలోకీ తనదే ముందుది. వదిన అయినా బట్టల సంచీని కాళ్ళతో అదిమి పెట్టుకుంది, సిగ్గుపడి అయినా చూపించింది. తనది ఇంటికి, మూసిన డబ్బాలో, పేరు రాసుకుని వస్తోంది. కొని చూపించని వస్తువు. నోట్లో కాఫీ పొర తగిలింది, తాగనేలేదు, అయినా తగిలింది. లేచి బాత్‌రూముకి వెళ్దామనుకుంది. లేస్తే ఒళ్ళో ఉన్న బూడిద రంగు డ్రెస్సు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కూర్చునే ఉంది.

గాజు తలుపు తెరుచుకుంది. డాక్టరు మాస్కు గడ్డం కిందికి లాక్కుంటూ వచ్చాడు. నలుగురూ ఒకేసారి లేచారు, కుర్చీల వరుస మొత్తం వెనక్కి జరిగి వెనక వరుసకి కొట్టుకుంది. అన్నయ్య పుస్తకంలో వేలు పెట్టుకునే ఉన్నాడు. చిన్నది వదిన చెయ్యి పట్టుకుంది. డాక్టరు నలుగురి మొహాలూ చూసి, ఇంత బిగుసుకుని ఉన్నారేమని కాస్త ఆశ్చర్యపోయినట్టు, "తెల్లవారుజామున గొట్టం తీసేశాం. సొంతంగా ఊపిరి తీసుకుంటున్నారు. నేను ఇంతగా అనుకోలేదు. గట్టి మనిషి," అన్నాడు. "వెళ్ళి చూడండి, ఎక్కువ మాట్లాడించకండి." వెళ్ళిపోయాడు. తరవాత నిశ్శబ్దం ఎంతసేపు ఉందో గానీ, ఉండవలసిన దానికన్నా కొంచెం ఎక్కువ ఉంది. అందులో సంతోషం ఉంది, నడిపిది ప్రమాణం చేసి చెప్పగలదు. దాని అడుగున, కాళ్ళు కడిగిన నీళ్ళలో మడ్డిలా, ఇంకోటి ఉంది, దాన్ని నలుగురూ ఒకరి మొహంలో ఒకరు చూసి చూపులు తిప్పుకున్నారు. మామిడిచిగురు రంగు. అనుకోలేదు ఆమె, అదే వచ్చింది కళ్ళ ముందుకి. అన్నయ్య పుస్తకం మూసి, "అందరికీ ఫోన్లు చేసి చెప్తాను, మీరు వెళ్ళండి," అంటూ లిఫ్టు వైపు నడిచాడు. వదిన మూడు డ్రెస్సులూ గబగబా సంచీలో కుక్కింది. ఎక్కడ వదలాలో తెలియక సంచీతోనే లోపలికి వచ్చేసింది.

అమ్మ చిన్నదైపోయింది. దిండు పెద్దదైంది. గొట్టం తీసిన చోట పెదవులు చీలి, ఎండి, పెచ్చులు కట్టి ఉన్నాయి, నోటి మూలల నుంచి పుల్లటి వాసన వస్తోంది. ఆ వాసనకి నడిపిది ఒక్క అడుగు వెనక్కి వేసి, వేసినందుకు రెండడుగులు ముందుకు వేసింది. చేతికి కట్టిన గుడ్డ విప్పేశారు, మణికట్టు చుట్టూ ఎర్రటి గీత ఉంది. అమ్మ కళ్ళు ఒక్కొక్కరి మీదా ఆగుతూ వచ్చాయి, చిన్నదాని దగ్గర కొంచెం ఎక్కువ ఆగాయి. "నువ్వూ వచ్చావా," అంది. గొంతు ఇసుక మీద చెప్పు లాగినట్టుంది. "అంత దాకా వచ్చిందన్నమాట." చిన్నది వంగి నుదుటి మీద ముద్దు పెట్టుకుంది. "మాట్లాడకమ్మా, డాక్టరు వద్దన్నాడు."

"ఆ సంచీలో ఏంటి?"

వదిన సంచీని వెనక్కి జరిపింది. పెద్ద సంచీ, దాక్కునేది కాదు. "బట్టలు అత్తయ్యా. మీరు ఇంటికొస్తారు కదా, ఆ రోజుకి అని కుట్టించా. అందరికీ."

"చూపించు."

తప్పించుకునే దారి లేక వదిన ఒకటి తీసింది. అమ్మ కళ్ళతో ఊ అంది, రెండోది తీసింది, మూడోది తీసింది. దుప్పటి మీద, అమ్మ కాళ్ళ పక్కన, మూడూ పడ్డాయి. ఎవరి ఊపిరో లెక్కపెడుతూ పక్కన యంత్రం కూస్తోంది. "మూడేనా," అంది అమ్మ. "నాదేది?"

చిన్నది కిటికీలోకి చూసింది. అక్కడ కిటికీ లేదు, గోడ మీద చేతులు కడుక్కునే పద్ధతి రాసిన కాగితం ఉంది. "నాది నీకేనమ్మా," అంది నడిపిది. ఆ అబద్ధం ఎంత నున్నగా వచ్చిందో చూసి తనకే ఒళ్ళు జలదరించింది.

"నీది నాకెక్కడ పడుతుందే," అంది అమ్మ. చెయ్యి చాపింది. నడిపిది తన డ్రెస్సు అంచు ఆ చేతికి అందించింది. అమ్మ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుడ్డ పెట్టి రాసింది, మెల్లగా, చాలాసేపు. మెడ పట్టీ చూసింది. పొడుగు చేతులు చూసింది. "ముగ్గురికీ ఒకే రంగు. ఎవరు ఎంచారు?"

"నేనే అత్తయ్యా," అంది వదిన, వినీ వినపడకుండా.

"నలగదా?"

"నలగదంట."

అమ్మ కోడలి వైపు చూసింది. తిట్టబోయే చూపు కాదు, నవ్వబోయేదీ కాదు. బజారులో కొనబోయే వస్తువుని వెలుతురులో పట్టుకుని చూసే చూపు. "మంచి పని చేశావు," అంది. "ఉంచండి. పాడవకుండా చూసుకోండి. మళ్ళీ కుట్టించుకునే పని లేకుండా ఉంటుంది." అలసిపోయి కళ్ళు మూసుకుంది. ఆ గొంతులో నిష్ఠూరం ఉందేమోనని నడిపిది వెతికింది, ఉంటే పట్టుకుని ఏడవవచ్చని. లేదు. వర్షం వెలిసిందని గొడుగు ఎక్కడో పారేయకండర్రా అని చెప్పినట్టే చెప్పింది. చిన్నది ఏడుపు మొదలుపెట్టి, ఆపుకుంది. వదిన డ్రెస్సు అందుకుని ఎలా పడితే అలా చుట్టబోయింది.

"అలా కాదు," అంది అమ్మ కళ్ళు తెరవకుండానే. "చేతులు లోపలికి పెట్టి మడవండి."

నడిపిదానికి కడుపులోంచి తన్నుకొచ్చింది, గొంతు దాకా వచ్చి ఆగింది, మింగింది. వంగింది. ముగ్గురూ ఆ మంచం చుట్టూ నిలబడి, అమ్మ పాదాల మీద గుడ్డలు పరిచి, చేతులు లోపలికి పెట్టి, ఎవరి డ్రెస్సు వాళ్ళు మడతపెట్టుకున్నారు.